ముత్యాలి అరణం చెట్టు

అమ్మమ్మ కథ మొదలవ్వాలంటే ముందు కొన్ని పనులు జరగాలి. దోమతెర కొసలు పరుపు కిందికి దోపాలి. మా తమ్ముడు శశాంక్ మంచినీళ్ళు తాగాలి, తాగినవి బయటికి పంపించి రావాలి. పిన్ని కూతురు మేఘన అమ్మమ్మకి కుడిపక్కన, నేను ఎడంపక్కన సర్దుకోవాలి. పక్కమంచం మీద తాతయ్య గోడవైపు తిరిగి నిద్రపోయినట్టు నటించాలి. ఈ ఆఖరిది చాలా ముఖ్యం. ఎందుకంటే అమ్మమ్మ కథల్లో రాజులందరికీ ఎలా వస్తాయో గానీ తాతయ్య పోలికలే వస్తాయి. అందులోనూ తెలివితక్కువ రాజైతే ఇంకా బాగా వస్తాయి.

ఇవాళ అడవి కథ అంది అమ్మమ్మ. తాతయ్య మంచం కిర్రుమంది. తాతయ్య అడవిలో గార్డుగా చేసి రిటైరయ్యాడు మరి.

ఇక వినండి.

అనగనగా ఒక ఊరు. ఊరికో కొండ, కొండకో అడవి, అడవికో రాజు, రాజుకో మీసం. ఆ మీసం వెండితీగలా తళతళలాడేది గనక ఆయన్ని వెండిమీసాల రాజనేవారు. ఊ కొడుతున్నారా?

కొట్టాం. తాతయ్య మీసం రంగు ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ రాజుగారికి కర్ర సామానంటే మహా మోజు. కూర్చోడానికి టేకు, ఊగడానికి టేకు, కాళ్ళు చాపుకోడానికి టేకు. వీపు గోక్కునే పుల్ల కూడా టేకే. ఆయన అలా కూర్చుని, ఊగి, గోక్కుంటూ ఉంటే, అవతల కొండమీద చెట్లు ఒక్కొక్కటీ పడిపోతూ ఉండేవి. కొండ బోడిగుండయింది. ఒక ఏడు వానలొచ్చాయి. వానంటే వానా, కుండలతో గుమ్మరించినట్టు వాన. నేలని పట్టుకోడానికి వేళ్ళుంటేగా? కొండమీది ఎర్రమట్టంతా చిన్నేరులో పడింది, చిన్నేరు ఊరి మీద పడింది, ఊరి మీదుగా కోటలోకొచ్చి తిన్నగా వంటింట్లో దూరింది. అక్కడేముంది? ఆ ఏడాది పెట్టిన ఆవకాయ జాడీలు. జాడీలకి జాడీలే కొట్టుకుపోయాయి.

శత్రువులొస్తే రాజుగారు ఓర్చుకున్నాడు. కరువొస్తే ఓర్చుకున్నాడు. ఆవకాయ పోతే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. ఈ ఏరుకి ఇంత పొగరెక్కణ్ణించి వచ్చిందో చూస్తానని కొండెక్కాడు. ఎక్కి చూస్తే అడవి లేదు, మొదళ్ళున్నాయి. ఒక మొదలు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడిపోయాడట. ఎంత పిచ్చిమారాజైనా మనసు మంచిది, అది ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రమే దండోరా వేయించాడు. మన రాజ్యానికి చెందిన ఏ చెట్టు మీదా గొడ్డలి పడకూడదు. ఎవడు కొడితే వాడే ఒక్క చెట్టుకి పది మొక్కలు నాటాలి, ఆ మొక్కల నీడ వాడి నెత్తిన పడేదాకా కావిడితో నీళ్ళు మొయ్యాలి. పేద లేదు, గొప్ప లేదు, అందరికీ ఒకటే శాసనం.

మంచి శాసనమే. తప్పు పట్టడానికేం లేదు. మొదళ్ళలోంచి చిగుళ్ళొచ్చాయి, చిగుళ్ళు కొమ్మలయ్యాయి. ఎక్కడికో పోయిన లేళ్ళు దారి అడుక్కుంటూ వచ్చేశాయి. తేనెపట్లు పట్టాయి. చిన్నేరు మండువేసవిలో కూడా గలగలమనేది, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా.

అయితే రాజభటులు ఉన్నారు చూశారూ, వాళ్ళకి అతి ఎక్కువ. రాజుగారు గొడ్డలి వద్దంటే వీళ్ళు చెయ్యి కూడా వద్దన్నారు. రాలిన పుల్ల ఏరకూడదు, విస్తరి కుట్టుకోడానికి అడ్డాకు కొయ్యకూడదు, కుంకుడుకాయ ముట్టుకోకూడదు. కొండకింద వెలగలపాడని ఒక ఊరుంది, ఆ ఊరివాళ్ళు పొయ్యిలోకి పుల్ల లేక పిడకల పొగ మింగీ మింగీ దగ్గేవారు.

ఇక్కడ తాతయ్య కూడా దగ్గాడు. పొగ ఏమీ లేదు.

వెలగలపాడులో సూరాలని ఒక అత్తగారు ఉండేది. ఆవిడ నోటికి ఊరూ, ఊరికుక్కలూ భయపడేవి. శాసనం పుణ్యమా అని కళ్ళు మండుతున్నాయని రోజూ రాజుగారిని పొయ్యి ముందు కూర్చుని తిట్టేది. సాయంత్రం గేదెని పితికేటప్పుడు మాత్రం తిట్టేది కాదు. ఎందుకంటే ఏటి ఒడ్డున గడ్డి పెరిగి గేదె ఒక సోలెడు పాలు ఎక్కువిస్తోంది. పొద్దున్న తిట్లు, సాయంత్రం దీవెనలు. శాసనాలంటే అలాగే ఉంటాయర్రా, ఒక పూట తీపి, ఒక పూట చేదు.

ఇక్కడిదాకా బానే ఉంది. రాజుగారు ఊరుకుని ఉంటే కథ ఇక్కడే అయిపోను, మీరు నిద్రపోదురు, నేనూ నడుం వాల్చుదును. ఊరుకున్నాడా? తను అడవిని కాపాడినట్టు అందరికీ తెలియొద్దూ? ప్రతి ఊరికీ, ప్రతి దారికీ, ప్రతి మలుపుకీ ఒక పెద్ద చెక్కపలక పాతించమన్నాడు. దాని మీద చెట్లు కొట్టరాదు అని చెక్కించమన్నాడు. పైగా ఊళ్ళ వైపంతా అడవికి కంచె కట్టించమన్నాడు. ఉత్త ముళ్ళకంప కాదు, గుంజ పక్కన గుంజ, బెత్తెడు సందులతో నిలువెత్తు కంచె.

మరి కంచెకి కర్రెక్కడిది అని మేఘన అడిగింది.

అదీ ప్రశ్నంటే, అని అమ్మమ్మ దాని బుగ్గ గిల్లింది. ఆ ప్రశ్న మంత్రికీ వచ్చింది. వచ్చింది గానీ ఎంత బుర్ర గోక్కున్నా జవాబు రాలేదు. అడవి కావాలంటే కంచె కావాలి. కంచెకి గుంజ, గుంజకి మాను, మానుకి గొడ్డలి, గొడ్డలికి పిడి, పిడికి కర్ర, కర్రకి మళ్ళీ చెట్టు. ఎలా తిప్పినా చెట్టు దగ్గరికే వచ్చి ఆగుతోంది. మన చెట్టా, ముట్టుకోడానికి లేదు. అప్పుడు మంత్రి కొండశిఖరం మీదికి చూశాడు. శిఖరానికి ఇవతల వాలు మనది, అవతల వాలు రాజుగారి మామగారిది. ఆ వాలు మీద చెట్లు దట్టంగా ఉన్నాయి, వాటికి మన శాసనం లేదు.

రాజుగారు మామగారికి కబురంపాడు. అల్లుడు నోరు తెరిచి అడిగాక మామగారు కాదనే ఆచారం మన దేశంలో ఉందా? ఆ ముసలిరాజు గుండె గుబుక్కుమన్నా పైకి నవ్వి, అంతకంటేనా నాయనా, కావలసినన్ని కొట్టుకోమన్నాడు. రాణిగారు ఆ మాట విని అన్నం దగ్గరనుంచి లేచిపోయింది. ఎందుకు లేచిందో రాజుగారు అడగలేదు. అన్నాల దగ్గర ఆడవాళ్ళెందుకు లేస్తారో అడిగే మగవాళ్ళు తక్కువలే.

తాతయ్య మంచం నిశ్శబ్దంగా ఉంది. మరీ అంత నిశ్శబ్దంగా ఏ నిద్రపోయే మనిషీ ఉండడు.

అలాగ ఇవతల వాలు పచ్చబడుతోంది, అవతల వాలు బోడిగుండవుతోంది. కంచెకి గుంజ, గుంజకి మాను, మానుకి గొడ్డలి. బళ్ళకి బళ్ళు దుంగలొస్తున్నాయి. వెలగలపాడు జనం రోడ్డుకి అటూ ఇటూ నిలబడి చూసి, మన అడవి కాదు కదా, పోనీలే అనుకునేవారు.

ఒక్క మనిషి మాత్రం అనుకోలేదు. సూరాలు కోడలు, పేరు ముత్యాలి. ఆ పిల్ల పుట్టిల్లు కొండకి అవతలుంది, తేనెపల్లి.

తేనెపల్లిలో ఒక ఆచారముంది, జాగ్రత్తగా వినండి, కథంతా దీనిమీదే నడుస్తుంది. మనం ఆడపిల్లకి పెళ్ళిలో ఆవునో దూడనో అరణమిస్తామా? వాళ్ళు చెట్టునిస్తారు. అడవిలో ఒక ఇప్పచెట్టు చూసి, దానికి పసుపు రాసి, ఇది మా పిల్లది, ఇవాళ్టినుంచి పిల్లనిచ్చిన ఇంటిది అని పదిమంది ముందూ చెప్తారు. చెట్టు అక్కడే ఉంటుంది, సొంతం మాత్రం అత్తింటిదవుతుంది. ఇక అన్నదమ్ములైనా సరే, ఆ చెట్టు కింద పడిన పువ్వొక్కటి నోట్లో వేసుకోరు. పువ్వు రాలే రోజుల్లో ఆ ఆడపిల్ల పుట్టింటికొచ్చి, తన చెట్టు కింద తను ఊడ్చుకుని, తన పువ్వు తను ఏరుకుని పోతుంది.

ముత్యాలికి అమ్మ లేదు. పెళ్ళైన ఏడాదే పోయింది. నాన్న అంతకుముందే పోయాడు. ఇల్లు వానకి కూలింది. అయినా ఏటా చైత్రంలో ఆ పిల్ల బుట్ట చంకన పెట్టుకుని పుట్టింటికని బయల్దేరేది. అమ్మ పసుపు రాసిన చెట్టు కింద కూర్చుంటే, టప్ టప్ మని నెత్తిన పువ్వులు పడుతుంటే, అమ్మ తలమీద చెయ్యేసినట్టుండేదట. ఆ పిల్లకి పుట్టిల్లంటే ఆ చెట్టే.

అమ్మమ్మ ఇక్కడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. పడుకుని ఉన్నప్పుడు కుచ్చెళ్ళు సర్దుకోవడం ఎందుకో నాకు తెలీలేదు.

ఒక రోజు పొద్దుగూకే వేళ సూరాలు రోట్లో మిరపకాయలు దంచుతోంది. గుమ్మంలో ఎవరో తుమ్మారు. చూస్తే దయ్యం. పాదాలు వెనక్కి, చంకలో మూట. శశాంకూ, దుప్పటి తియ్యి, ఇది మంచి దయ్యం. ముత్యాలి చెట్టు పక్కన ఒక మద్దిచెట్టు ఉండేది, దాని మీద కాపరముండేది. ముత్యాలి అమ్మకి కూడా తెలిసిన దయ్యమే. ముత్యాలి దాన్ని పెద్దమ్మా అని పిలిచేది.

ముక్కుతో ఏడుస్తూ అది చెప్పిందేమిటంటే, తన మద్దిచెట్టు కొట్టేశారట. పోతే పోయింది, దాన్ని ఏం చేశారో చూద్దామని బండి వెంట నడిచి వచ్చిందట. తీరా చూస్తే పలక కింద కోసి, దాని మీదే చెట్లు కొట్టరాదు అని చెక్కి నాలుగు రోడ్ల కూడలిలో పాతారట. తన ఇంటి గోడ మీద ఆ మాట చదువుకుని దయ్యం అక్కడే కూలబడిపోయిందట.

సూరాలు జాలిపడే రకమా? ఈ ఇంట్లో మనుషులకే చోటు లేదంది. మళ్ళీ తనే, అటక మీద ఉండు, ఊరికే ఉండకు, ఎలకల్ని తోలు అంది. దయ్యం కళ్ళు తుడుచుకుని అటకెక్కబోతూ ఆగి, అసలు సంగతి చెప్పింది. ముత్యాలి ఇప్పచెట్టుకి సున్నపుబొట్టు పెట్టారు. నిటారుగా ఉంది, లావుగా ఉంది, కంచె గుమ్మానికి నిలువు కంబంగా సరిపోతుందని. పున్నమి పొద్దున్న గొడ్డలి వేస్తారు. ఆ రోజే కోటలో కంచె పండగ.

పున్నమి ఎప్పుడనుకున్నారు? తెల్లారితే పున్నమి.

సూరాలు చేతిలో రోకలి ఆగిపోయింది. ఆవిడ మోకాళ్ళకి రాసుకునేది ఆ చెట్టు గింజల నూనే. మోకాళ్ళ కోసమో, కోడలి మొహం చూసో తెలీదు గానీ, లేచి నిలబడి, నా కోడలి అరణం మీద చెయ్యి వేసేదెవడో చూస్తానంది. ఊళ్ళో పెద్దల దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. పెద్దలు సానుభూతి పడ్డారు. పడి, అది అవతల వాలు గొడవమ్మా, మన శాసనం అక్కడికి పోదు అన్నారు.

ముత్యాలి తన మొగుడికి చెబుదామని కంచె దగ్గరికి పరిగెత్తింది. మొగుడి పేరు అప్పలకొండ. మనసు వెన్న, బుర్ర కూడా వెన్నే. కంచెకి గుంటలు తవ్వి గుంజలు పాతే పనిలో ఉన్నాడు. ఎక్కడా కనపడడు. చూడగా చూడగా కంచెకి లోపలున్నాడు. అటు తిరిగి గుంజలు పాతుకుంటూ పాతుకుంటూ తనని తనే అడవిలో పెట్టి కట్టేసుకున్నాడన్నమాట. బయటికి పంపమని భటుణ్ణి అడిగితే వాడేమన్నాడో తెలుసా? అడవి లోపలికి ఎవరూ వెళ్ళకూడదు, అంచేత నువ్వు లోపల లేవు, లేనివాణ్ణి నేను బయటికెలా పంపను అన్నాడట.

ఈసారి తాతయ్యకి పొలమారింది. అలాంటి గార్డులు ఎక్కడా ఉండరు, అని గోడకేసి అన్నాడు.

నిద్రలో మాట్లాడుతున్నారు పాపం, అంది అమ్మమ్మ. అని, ఊ కొట్టండర్రా, ఊ లేకపోతే కథ ఊడిపోతుంది అంది.

ముత్యాలి తల పట్టుకుని కూర్చుంది. కూర్చుంటే కంచె సందులోంచి మొగుడు బిక్కమొహం పెట్టి చూస్తున్నాడు. ఆ మొహం చూడగానే ఆ పిల్లకి ఒక ఆలోచన తట్టింది. కంచె ఊళ్ళ వైపే ఉంది, శిఖరం మీద లేదు. లోపలున్నవాడు అలాగే పైకి నడిచి వెళ్తే తెల్లారేసరికి అవతల వాలులో దిగొచ్చు. వెదురుగొట్టంతో సందులోంచి అంబలి తాగించి, నా చెట్టు దగ్గరికి వెళ్ళు, నేను రాజుగారి మాట తెచ్చేదాకా దాన్ని పడనివ్వకు అని చెప్పింది. ఎలా ఆపాలే అన్నాడు వాడు. నువ్వు నువ్వులాగే ఉండు, అదే చాలు అంది.

వాడు కొండెక్కాడు. ముత్యాలి, సూరాలు, సూరాలు చంకలో దయ్యం మూట, మూటలో దయ్యం, ముగ్గురూ కోటకి నడిచారు.

కోటలో పండగ హడావిడి. పూర్ణాల వాసన, సన్నాయి మోత. రాజుగారు మీసానికి నూనె రాసుకుని కొలువులో కూర్చున్నాడు, పక్కన రాణిగారు. ముత్యాలి దణ్ణం పెట్టి, ఏడవలేదు, మొత్తుకోలేదు. ఫిర్యాదు చేసింది.

"మారాజా, మన రాజ్యానికి చెందిన చెట్టొకటి ఇవాళ కొట్టేస్తున్నారు."

రాజుగారు సింహాసనం మీదినుంచి సగం లేచాడు. మీసం లేచి నిలబడింది. ఇంత శాసనం చేశాక ఎవడికంత ధైర్యమన్నాడు. వాడెవడైనా సరే, చుట్టమైనా సరే, ఈ కొలువులో ఉన్నవాడైనా సరే, పది మొక్కలు నాటించి కావిడి మోయిస్తానని మీసం మీద ఒట్టేశాడు. అప్పుడు ముత్యాలి ఆ చెట్టు ఎక్కడుందో చెప్పింది.

మంత్రి నవ్వాడు. అది అవతల వాలమ్మా, మన రాజ్యం కాదన్నాడు. ముత్యాలి కూడా నవ్వింది. మంత్రిగారూ, మీ కోడలు పుట్టింటినుంచి అరణంగా తెచ్చిన ఆవు ఇంకా అక్కడే మేస్తోందనుకోండి, అది ఎవరి ఆవు అని అడిగింది. మా ఆవే అన్నాడు మంత్రి. అరణమిచ్చాక ఇంకా వాళ్ళదెలా అవుతుంది? మరి నా చెట్టూ అంతే కదండీ అంది. పసుపు రాసి, పదిమంది ముందూ వెలగలపాడు ఇంటికిచ్చిన చెట్టు. వెలగలపాడు రాజుగారిది. మరి చెట్టు ఏ రాజ్యానికి చెందిందో మీరే చెప్పండి.

మంత్రి రాజుగారి వంక చూశాడు. అలాంటి ఆచారం ఒకటుందని నువ్వు చెప్తే చాలా, ఇంకెవరైనా చెప్పాలిగా అన్నాడు రాజుగారు, కొంచెం మెత్తగానే.

అప్పుడు రాణిగారు నోరు విప్పింది. పెళ్ళైనప్పణ్ణించీ కొలువులో ఒక్క మాట మాట్లాడని మనిషి.

"ఆచారముంది. మా నాన్న నాకూ అరణమిచ్చాడు. ఒక చెట్టు కాదు, ఆ వాలు వాలంతా."

రాజుగారు ఆవిడ వంక చూశాడు. ఎప్పుడూ చెప్పలేదేం అన్నాడు.

"మీరెప్పుడూ అడగలేదు. బళ్ళ మీద దుంగలు వస్తుంటే మేడమీంచి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టాను."

అయిపోయింది. రాజుగారి మీసం రెండు వైపులా కిందికి వాలింది. ఎక్కడో పరాయి అడవి అనుకుని కొట్టించినదంతా తన ఇంటి అడవే. తన శాసనం తనే తప్పాడు. ఆ ఏడు ఎర్రమట్టి నీళ్ళలో కొట్టుకుపోయిన జాడీలు గుర్తొచ్చాయేమో, అవతల వాలు బోడైతే అక్కడి ఏరు ఎవరి వంటింట్లో దూరుతుందో ఆయనకిప్పుడు తెలిసొచ్చింది. ముసలి మామగారి వంటింట్లో.

పండగ ఆపమన్నాడు. తేనెపల్లికి కబురు పంపండి, గొడ్డలి ఆపమనండి అన్నాడు. గుర్రమెక్కినా కొండ చుట్టూ తిరిగి వెళ్ళాలి, సాయంత్రమవుతుంది. అప్పుడు సూరాలు చంకలో మూట విప్పి, అటక అద్దె ఇప్పుడు తీర్చుకోమంది. దయ్యం రాజుగారి ముద్ర ఉన్న ముద్దుటుంగరం పట్టుకుని కిటికీలోంచి రివ్వుమంది. కొలువులో సగం మంది మూర్ఛపోయారు. మిగతా సగం పూర్ణాల వైపు పోయారు.

మరి అక్కడేం జరుగుతోందంటారా? గొడ్డళ్ళవాళ్ళు వచ్చేసరికి అప్పలకొండ చెట్టు చిటారుకొమ్మన కూర్చుని ఉన్నాడు. దిగమన్నారు. ఎవర్ని అన్నాడు. నిన్నే అన్నారు. నేను ఇక్కడ లేను కదా అన్నాడు. కళ్ళెదుట కనపడుతున్నావు కదరా అన్నారు. అదేమో మరి, భటుడు చెప్పాడు, నేను అడవిలో లేను, లేనివాణ్ణి బయటికి పంపడానికి లేదు, మీరూ పంపలేరు అన్నాడు. వాళ్ళు కాసేపు ఆలోచించారు. చెట్టు మీద మనిషుంటే కొట్టకూడదు, కానీ ఈ మనిషి లేడట, లేకపోతే కొట్టొచ్చు, కొడితే పడతాడు, లేనివాడు ఎలా పడతాడు? పెద్ద మేస్త్రీకి విసుగొచ్చి ఒక్క దెబ్బ వేశాడు. చెట్టు జల్లుమంది. పువ్వులన్నీ గొడ్డలివాళ్ళ నెత్తిన టపటపా రాలాయి. రెండో దెబ్బకి గొడ్డలి ఎత్తాడు, దించుదామంటే దిగదు. చూస్తే పిడి పట్టుకుని దయ్యం, దయ్యం వేలికి రాజుగారి ముద్దుటుంగరం.

వాళ్ళు పరిగెత్తిన పరుగు ఇప్పటికీ ఆగలేదంటారు.

మేఘన చప్పట్లు కొట్టింది. శశాంక్ దుప్పటిలోంచి పూర్తిగా బయటికొచ్చాడు.

తర్వాత రాజుగారు ఒట్టు నిలబెట్టుకున్నాడు. బోడి వాలు మీద తనే గుంటలు తవ్వాడు, తనే మొక్కలు నాటాడు, తనే కావిడి మోశాడు. భుజం కాయకాసింది. మొదట్లో జనం నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, ఆ తర్వాత తలో కావిడీ పట్టుకున్నారు. మంత్రికి రెండు కావిళ్ళిచ్చారు, ఆలోచన ఆయనది కనక. రాణిగారు గట్టు మీద కూర్చుని ఏ మొక్క ఎక్కడ ఉండేదో చెప్పేది, రాజుగారు అక్కడే పెట్టేవాడు. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలట.

శాసనం తీసెయ్యలేదు. తీసేస్తే మళ్ళీ ఎర్రమట్టే. దాన్ని కొంచెం సర్దారు, పొట్టైన లంగాకి అంచు వేసినట్టు. ముత్యాలి, సూరాలు చెప్పగా కొత్తమాట చేర్చారు. రాలింది మనది, నిలిచింది అడవిది. రాలిన పుల్ల, రాలిన పువ్వు, రాలిన కాయ ఊరివాళ్ళు తెచ్చుకోవచ్చు. అడ్డాకు కూడా కొయ్యొచ్చు, ఆ తీగ కొయ్యకపోతే చెట్టుకి చుట్టుకుని ఊపిరాడనివ్వదు. మాను కావాలంటే ఊరి బీడులో పెంచుకుని కొట్టుకోవాలి. పక్కరాజ్యంనుంచి మాత్రం ఒక్క పుల్ల తేకూడదు. రాజుగారు టేకు ఉయ్యాల మానేసి వెదురుకుర్చీలో కూర్చున్నాడు, వీపు దురదపెడితే గోడకి రుద్దుకున్నాడు.

ఇక కంచె సంగతి. పచ్చి గుంపెన చెట్టు గుంజలు పాతితే వానలకి చిగురేస్తాయి, అప్పలకొండ తెలీకుండానే వరసంతా అవే పాతాడు. తొలకరికి కంచె కంచెంతా చిగురించి కూర్చుంది. అడవికి కట్టిన కంచె అడవిలో కలిసిపోయింది. ఇళ్ళు పోయిన దయ్యాలన్నీ ఆ చెట్లెక్కి కాపరాలు పెట్టాయి. పెద్దమ్మ దయ్యం మాత్రం సూరాలు అటక దిగలేదు. ఎలకలు తోలుతూ, సూరాలుతో తగువులాడుతూ అక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఏది దయ్యం గొంతో, ఏది అత్తగారి గొంతో ముత్యాలికే తెలిసేది.

అంచేత నీతి ఏమిటంటే, మన గుమ్మం ముందు ఊడ్చిన చెత్త పక్కింటి గుమ్మం ముందు పోస్తే వీధి శుభ్రపడినట్టు కాదు. ఇది శశాంక్‌కి. రేపు నీ మంచం కింది అరటితొక్కలు మేఘన మంచం కింద కనబడకూడదు.

కథేమో కంచి బస్సెక్కింది, మనమేమో దుప్పట్లో దూరదాం.

దూరాం. కాసేపటికి మేఘన మెల్లిగా అడిగింది, ఆ ఇప్పచెట్టు ఇంకా ఉందా అమ్మమ్మా అని.

కథలో చెట్టుకేం, ఉంటుంది, అంది అమ్మమ్మ.

నాకేమో ఒక అనుమానం. అమ్మమ్మ పుట్టిల్లు కూడా కొండకి అవతలే. అమ్మమ్మకీ పెళ్ళైన ఏడాదే అమ్మ పోయింది. ఏటా పువ్వు రాలే రోజుల్లో తాతయ్య చెప్పాపెట్టకుండా బస్సెక్కి ఎక్కడికో వెళ్ళి, సాయంత్రానికి గుడ్డసంచీతో వస్తాడు. ఆ సంచీ తిన్నగా అమ్మమ్మ చేతిలోనే పెడతాడు. అందులో ఏముందో మాకు చూపించరు, ఇల్లంతా మాత్రం తియ్యటి వాసనేస్తుంది.

ఆ మాటే పైకి అడిగేశాను. అమ్మమ్మ నా నెత్తిన మెత్తగా మొట్టి, పిడుగా, పడుకో అంది.

పక్కమంచం కిర్రుమంది. తాతయ్య ఇటు తిరిగాడు.

"ఉంది. మొదలు దగ్గర ఆ గొడ్డలి గాటుని బెరడు కప్పేసుకుంది, చెయ్యి పెడితే ఇంకా తెలుస్తుంది. ఈ ఏడు పువ్వు బాగా రాలుతోంది. ఎల్లుండి నువ్వు కూడా వస్తావా?"

మమ్మల్ని కాదు, అమ్మమ్మని అడిగాడు. అమ్మమ్మ దోమతెర కొస మళ్ళీ పరుపు కిందికి దోపింది. తర్వాత, ఊ అంది.

కథంతా మా చేత కొట్టించి, ఆఖరి ఊ మాత్రం తనే కొట్టింది.